బావి కాడి మోకు

దయ్యాల ముచ్చట ఎత్తితే నేను అక్కడ కూర్చోను. స్టాఫ్ రూములో ఎవరైనా మొదలుపెట్టారంటే టిఫిన్ డబ్బా సర్దుకుని ముందుగానే క్లాసుకు వెళ్లిపోతాను. పిల్లలకు సైన్సు చెప్పే మనిషిని. పైగా మా తల్లిగారిల్లు మానుకోట దగ్గర ఒక పల్లె. మా ఇంటి వెనకాలే శ్మశానం. అక్కడి రేగుపండ్లు ఏరుకు తిని పెరిగాను. ఒక్క దయ్యం కూడా నన్ను వాటా అడగలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి ఈమె మొదటి నుంచీ పిరికిది కాబోలు అనుకోవద్దని. నమ్మండి అని కూడా నేనడగను. జరిగింది జరిగినట్టు రాస్తాను, అంతే.

మేముండేది భూపాలపల్లిలో, గని కార్మికుల క్వార్టర్లలో. మా ఆయన గనిలో ఫిట్టరు. నేను రేగొండ వైపు ఒక సర్కారు బడిలో ఫిజికల్ సైన్స్ టీచర్ని. మా అత్తమ్మ మాత్రం రఘునాథపల్లి దగ్గర సొంతూళ్లో చిన్న కొడుకు సంపత్ దగ్గర ఉంటుంది. వాళ్లకు కాస్త పొలం, ఒక ట్రాక్టరు ఉన్నాయి.

ఆ ఏడాది చలికాలం పోతూ పోతూ అత్తమ్మ వాకిట్లో కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. హన్మకొండలో ఆపరేషన్ చేశారు. అప్పుడే సంపత్ భార్య పురుడు కోసం పుట్టింటికి పోయి ఉంది. ఇక చూసేవాళ్లు లేక అత్తమ్మను మా క్వార్టరుకు తెచ్చుకున్నాం.

రెండు గదుల క్వార్టరులో మేమిద్దరం అంటే ఒక ఒరలో రెండు కత్తులే. ఆమె నన్ను పేరు పెట్టి పిలవదు, 'టీచరమ్మా' అంటుంది. అందులో గౌరవం ఏమీ లేదు. 'టీచరమ్మ చారు చేస్తే దవాఖాన మందు లెక్కుంటది' అని పక్క క్వార్టరు వాళ్లకు వినపడేటట్టు అనేది. నేనూ తక్కువేమీ తినలేదు. మంచం మీది మనిషని కూడా చూడకుండా మాటకు మాట ఇచ్చేదాన్ని. మధ్యలో మా ఆయన, ఏ షిఫ్టు ఉంటే ఆ షిఫ్టుకు సంతోషంగా పోయేవాడు.

ఎండాకాలం సెలవులు వచ్చేసరికి అత్తమ్మ వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. తనంతట తాను లేచి నిలబడలేదు, కాలు ముడవలేదు. అయినా ఊరికి పోతానని ఒకటే పట్టు. సంపత్ భార్య కూడా తిరిగి వచ్చేసింది. మా ఆయనకు సెలవు దొరకలేదు. నాకు డ్రైవింగ్ వచ్చు కనుక నేనే దిగబెట్టి వస్తానన్నాను. నిజం చెప్పాలంటే నాకు కూడా ఆమెను ఎప్పుడెప్పుడు దింపుదామా అనే ఉంది.

కారు గురించి కొంచెం చెప్పాలి. పాత కారు. డ్రైవరు వైపు తలుపుకు లోపలి పిడి ఎప్పుడో విరిగిపోయింది. దిగాలంటే అద్దం దించి, చెయ్యి బయటపెట్టి, బయటి పిడి లాగాలి. మాకు అలవాటైపోయి బాగు చేయించలేదు. వెనక రెండు తలుపులకు పిల్లల లాక్ వేసి ఉంటుంది. మాకిద్దరు పిల్లలు, ఇద్దరూ కోతులే. అంటే లోపలి నుంచి తెరుచుకునేది ముందు ఎడమ తలుపు ఒక్కటే.

పొద్దున బయల్దేరాం. పిల్లలను వాళ్ల నాన్న దగ్గరే వదిలాను. వెనక సీటు మీద అత్తమ్మను పొడుగ్గా కూర్చోబెట్టి, ఎడమ తలుపుకు దిండు ఆనించి, కాలు సీటంతా చాపించాను. హన్మకొండలో డాక్టరుకు చూపించి, అక్కడే అన్నం తిని, హైవే ఎక్కాం. ఎండ మండిపోతోంది. అద్దాలన్నీ ఎత్తి ఏసీ వేశాను.

హైవే దిగి ఊరి దారి పట్టిన కాసేపటికి డాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగింది. ఏమిటా అనుకునేలోపే ఏసీ ఆగింది, ఇంజను ఆగింది. కారు దాని ఊపులో అది కొంచెం దూరం పోయి నిలబడిపోయింది. తాళం తిప్పితే టక్ అన్నది, ఆ తర్వాత అది కూడా లేదు. హారన్ మూగబోయింది. అద్దాలు దిగలేదు.

ఎడమ తలుపు నుంచి దిగి, వెనక కుడి తలుపు బయటి నుంచి తెరిచి పెట్టాను, అత్తమ్మకు గాలి తగలాలని. సంపత్‌కు ఫోన్ చేశాను. 'గంతేనా వదినె, గిప్పుడే వస్త' అని ట్రాక్టరు వేసుకుని వచ్చాడు. ట్రాలీ లేదు, ఉత్త ట్రాక్టరు. దాని మీద పెద్ద సౌండు పెట్టె, అందులో పాటలు. తాడు మాత్రం తేలేదు. కారును లాగడానికి వచ్చిన మనిషి తాడు మరిచిపోయి వచ్చాడు. అది మా మరిది.

మేం ఆగిన చోటికి కొంచెం ముందు, రోడ్డు పక్కన ఒక వ్యవసాయ బావి ఉంది. మా వైపు ఇలాంటివి చాలా ఉంటాయి. రోడ్డుకు, బావికి మధ్య గోడ ఉండదు, కంచె ఉండదు, నాలుగు పిచ్చిచెట్లు ఉంటాయి. ఆ బావి ఒడ్డున తుమ్మచెట్టు కొమ్మకు ఒక మోకు చుట్టి వేలాడదీసి ఉంది. బండికి కట్టే లావుపాటి తాడును మేం మోకు అంటాం. కొత్తదే, మంచి గట్టిగా ఉంది. సంపత్ నేరుగా పోయి దాన్ని తీశాడు.

'అరేయ్, గది ముట్టకు!' అని అత్తమ్మ కారులోంచి అరిచింది.

అప్పుడు చెప్పింది. కిందటి వానాకాలం ఒక కారు ఆ బావిలో పడింది. మొగుడు, పెళ్లాం, చిన్న ఆడపిల్ల. ఈ ఊరి వాళ్లు కాదు, ఎక్కడికో ఫంక్షనుకు పోయి వస్తున్నారట. చూసినవాళ్లు ఉరికి వచ్చేసరికే కారు మునిగిపోయింది. ఎవరూ బతకలేదు. కారును, మనుషులను పైకి తీసిన మోకు ఇదే. శవాన్ని లేపిన తాడును ఎవరూ ఇంటికి తెచ్చుకోరు. గొడ్డును కట్టరు, నీళ్లు చేదరు. అక్కడే వదిలేస్తారు. అందుకే అంత మంచి మోకు అన్నాళ్లుగా చెట్టు మీదే ఉంది, ఎవరూ ఎత్తుకుపోలేదు.

విని నాకు జాలేసింది, భయమైతే వేయలేదు. తాడుకేం తెలుసు అనుకున్నాను. ఎండలో ఆపరేషన్ అయిన మనిషిని పెట్టుకుని ఇంకో తాడు వచ్చేదాకా కాచుకోవడం నాకు తప్పుగా తోచింది. సంపత్ కూడా అదే అన్నాడు. 'అమ్మా, పని కాంగనే తెచ్చి ఈడనే ఏస్త. ఊకో' అన్నాడు. అత్తమ్మ గొణుక్కుంటూనే ఊరుకుంది.

ఇక్కడ జరిగింది ఆ పొరపాటు.

మా వైపు చావు దగ్గర ఒక పద్ధతి ఉంది. శ్మశానం నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఒకరినొకరు 'రండి పోదాం' అని పిలుచుకోరు. లేచినవాళ్లు లేచి నడుస్తారు, మిగిలినవాళ్లు వెనకాల వస్తారు. చచ్చిపోయిన మనిషి ఉన్న తావులో నోటితో 'రా' అనకూడదు. ఎవరిని పిలిచావో నీకు తెలుసు గాని, వినేవాళ్లకు తెలియదు కదా అంటారు. చిన్న పిల్లలకు కూడా ఇది తెలుసు.

సంపత్ ఆ మోకు భుజాన వేసుకుని, సరిగ్గా బావి గట్టు మీద నిలబడి, మా వైపు చెయ్యి ఊపి గొంతెత్తి అరిచాడు.

'ఇగ రాండ్రి! అందరు ఎక్కి కూసోండ్రి, పోదాం!'

నన్నే అన్నాడు. నేను రోడ్డు మీద నిలబడి ఉన్నాను. అతనికి ఏ ఆలోచనా లేదు, ట్రాలీ మీద కూలీలను ఎక్కించుకునేటప్పుడు రోజూ అనే మాటే అది.

అత్తమ్మ నెత్తి కొట్టుకుంది. 'ఓరి పాపిష్టోడా, యాడ నిలవడి ఏమంటున్నవ్‌ర నువ్వు!' సంపత్ ముఖం కూడా కొంచెం మాడింది. వచ్చి వంగి, మోకు ఒక కొస కారు ముందు కొక్కేనికి, ఇంకో కొస ట్రాక్టరు వెనక కట్టాడు. అత్తమ్మ అతన్ని దగ్గరికి పిలిచి గట్టిగా చెప్పింది. 'ఊరి పొలిమెర దాటేదాక ఎనుకకు మర్లి సూడకు. ఏమైనా సరె. ఇనవడ్డదా?'

అతను తల ఊపాడు. మామూలుగా నవ్వులాటలు ఆడే మనిషే గాని తల్లి మాట జవదాటడు.

కారును లాగేటప్పుడు ముందు బండి వాడు పదేపదే వెనక్కి చూస్తాడు. వెనకున్నవాడు చెయ్యి ఊపితే ఆపుతాడు. పద్ధతి అదే. మా దగ్గర మాత్రం వెనక్కి చూడవద్దని ఒట్టు పెట్టినట్టు చెప్పి పంపాం. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. తలుపులన్నీ మూసి, ఎడమ వైపు నుంచి ఎక్కి స్టీరింగు ముందు కూర్చున్నాను. మోకు బిగిసింది, కారు కదిలింది.

ఇంజను లేని కారు నడపడం తెలిసినవాళ్లకు తెలుసు. స్టీరింగు రాయిలా ఉంటుంది. బ్రేకు మీద నిలబడితే గాని పడదు. ముందు ట్రాక్టరు పాటలు హోరెత్తిపోతున్నాయి. నా కళ్లన్నీ ఆ మోకు మీదే. వదులైతే బ్రేకు తొక్కాలి, బిగిస్తే వదలాలి. అద్దాలు మూసిన కారులో మే నెల మధ్యాహ్నం. చెమట కళ్లలోకి కారుతోంది. ఊరు ఎంతో దూరం లేదు, ఓర్చుకుంటే సరిపోతుంది అనుకున్నాను.

మొదట గమనించింది ఆ చెమట ఆగిపోవడం.

నేనేమీ అనకముందే వెనక నుంచి అత్తమ్మ అడిగింది. 'టీచరమ్మా, ఏసీ ఏసినవా?'

'ఇంజనే లేదు, ఏసీ యాడిది అత్తమ్మా' అన్నాను.

ఆమె ఇంకేమీ మాట్లాడలేదు.  నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అది భయం కాదు, చలి. పాతబావి మెట్ల మీద దిగుతుంటే కింది నుంచి తగులుతుందే, ఆ చలి. వాసన కూడా అదే, నాచు వాసన.

తర్వాత ముందు అద్దం మసకబారింది. అరచేత్తో తుడిస్తే పోయింది, మళ్లీ పట్టింది. మసక లోపలి వైపు. ఇది నేను తొమ్మిదో తరగతికి చెప్పే పాఠమే. చల్లటి గాజు మీద తేమ గాలి తగిలితే అలా పడుతుంది. కాని ఆ ఎండలో గాజు చల్లగా ఎలా ఉంటుంది? ముట్టుకుంటే చురుక్కుమనాలి. చల్లగా ఉంది. లోపలి చిన్న అద్దం కూడా మసకేసి వెనక సీటు కనబడకుండా పోయింది. దాన్ని తుడవడానికి నా చెయ్యి లేవలేదు. ఇదొక్కటి నిజాయితీగా ఒప్పుకుంటాను, తుడిస్తే ఏం కనబడుతుందోనని తుడవలేదు.

ట్రాక్టరు గొంతు మారింది. నల్లటి పొగ వదులుతోంది. సంపత్ గేరు తగ్గించాడు. సమంగా ఉన్న రోడ్డు మీద, ఇద్దరు ఆడవాళ్లున్న చిన్న కారును లాగడానికి ఆ ట్రాక్టరు మూలుగుతోంది. మోకు కడ్డీలా బిగుసుకుపోయింది. కారు వెనక భాగం కిందికి కుంగింది. సీటు స్ప్రింగులు కిర్రుమనడం నాకు స్పష్టంగా వినపడింది, ఎవరో ఎక్కి సర్దుకు కూర్చున్నట్టు.

ఆపుదామనుకున్నాను. బ్రేకు మీద కాలు వేశాను. పెడల్ కింది దాకా పోలేదు, కింద ఏదో అడ్డం ఉన్నట్టు నిలబడింది. అప్పుడే తెలిసింది, నా పాదం నీళ్లలో ఉంది. చెప్పు మునిగింది. చీలమండ దాకా చల్లటి నీళ్లు.

ఒక చేత్తో సంపత్‌కు ఫోన్ కలిపాను. రింగవుతోంది. అతని చొక్కా జేబులో ఫోను, పక్కనే సౌండు పెట్టె. ఇంకోసారి చేశాను. అతను నిటారుగా కూర్చుని ముందుకే చూస్తున్నాడు. ఎదురుగా, పిలిస్తే పలికేంత దగ్గరలో అతని వీపు. అద్దం మీద గుద్దాను. అరిచాను. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి తల తిప్పితే చాలు. తిప్పలేదు. తిప్పవద్దని మేమే చెప్పాం.

స్టీరింగు కుడి చేత్తో పట్టుకుని, పక్క సీటు మీదికి వంగి రెండో చేత్తో ఎడమ తలుపు పిడి లాగాను. టక్ మని లాక్ వదిలింది. నెట్టాను. తలుపు వేలెడు సందు తెరుచుకుంది, అంతే, బయటి నుంచి ఎవరో మెల్లగా తోసినట్టు మళ్లీ మూసుకుంది. విసురుగా కాదు. బరువుగా, అన్ని వైపుల నుంచి సమానంగా. నీట మునిగిన కారు తలుపు ఎందుకు తెరుచుకోదో నేను పిల్లలకు బొమ్మ గీసి మరీ చెప్పాను. బయటి నీటి ఒత్తిడి. ఆ తలుపు నా చేతి కింద అలాగే ఉంది. బయట చూస్తే ఎండ, ఎండిన పత్తి కట్టెలు, దూరంగా మేకలు.

ఊపిరి అందడం లేదు. నోరు తెరిచి పీల్చినా గాలి లోపలికి రావడం లేదు. నా పిల్లలు గుర్తొచ్చారు. నేనొక్కదాన్నయితే అద్దం పగలగొట్టుకునో, తలుపు తన్నో దూకడానికి ఏదో చేసేదాన్నేమో. కాని స్టీరింగు వదిలితే కారు పక్క పొలంలోకి పోతుంది. వెనక లేవలేని మనిషి ఉంది. నాకు ఆమె మీద ఎంత కోపం ఉన్నా, ఆమెను అందులో వదిలి దూకడం నావల్ల కాదు. రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని ఏడ్చాను. ఇక ఇంతే, ఇద్దరం ఇందులోనే పోతాం అనుకున్నాను.

అప్పుడు వెనక నుంచి ఒక మాట వినపడింది. ఆడగొంతు. గట్టిగా కాదు, బతిమాలుతున్నట్టు.

'నన్నొక్కదాన్ని తీస్కపో. ఇంకెవల్ల జోలికి రాకు. నన్నొక్కదాన్నే తీస్కపో.'

అంతే. ఒక్కసారిగా చెవులు తెరుచుకున్నట్టయింది. గాలి వచ్చింది, వేడి గాలి. మోకు వదులై నేల మీదికి జారింది. కారు ఎగిరినట్టు ముందుకు దూకింది. బ్రేకు తొక్కితే ఈసారి పడింది. ట్రాక్టరుకు బెత్తెడు దూరంలో ఆగాం.

ఊరి పేరు రాసిన బోర్డు మా పక్కనే ఉంది. పొలిమేర దాటాం. సంపత్ ట్రాక్టరు ఆపి దిగి మొదటిసారి వెనక్కి తిరిగి చూశాడు. నా ముఖం చూసి పరుగెత్తుకొచ్చి తలుపు తెరిచాడు. నా కాళ్ల కింది నుంచి నీళ్లు రోడ్డు మీదికి కారాయి. ఎక్కువేం కాదు, ఓ చెంబెడు. అతను నీళ్ల వైపు, నా చెప్పుల వైపు చూశాడు.

'ఏమైంది వదినె? ట్రాలీ నిండ వడ్లేసి గుంజినట్టయింది నాకు' అన్నాడు.

అత్తమ్మ దిండుకు ఆనుకుని కళ్లు మూసుకుని ఉంది. చీర కొంగు పళ్లతో కరిచి పట్టుకుంది. ఆపరేషన్ అయిన కాలు, ఎవరు పట్టుకున్నా నొప్పి అని అరిచే కాలు, ముడుచుకుని దగ్గరికి పెట్టుకుని కూర్చుంది. సీటులో సగం ఖాళీగా ఉంది. ఆ ఖాళీ సగం తడిగా ఉంది. అత్తమ్మ చీర మాత్రం పొడిగానే ఉంది.

కళ్లు తెరిచి ఆమె అన్నది ఒక్కటే మాట. 'మోకు యాడిది ఆడ ఏసి రా. నోరు తెరువకు.' సంపత్ ఎవరిదో బండి అడిగి తీసుకుని పోయి, చెట్టు మీద వేసి, ఏమీ మాట్లాడకుండా వచ్చాడు. కారును ఇంటి నుంచి గొలుసు తెచ్చి లాక్కుపోయాం.

మర్నాడు జనగామ నుంచి మెకానిక్ వచ్చాడు. వెనక చక్రానికి బ్రేకు పట్టేసి ఉంది, అందుకే బరువైంది అన్నాడు. ఏసీ నీళ్లు పోయే గొట్టం మూసుకుపోయింది, ఆ నీళ్లే లోపలికి వచ్చి ఉంటాయన్నాడు. వెనక సీటు మీదికి ఎలా వస్తాయి అంటే, కుదుపులకు వచ్చి ఉంటాయి మేడమ్ అన్నాడు. ఎండకు ఒంట్లో నీరు తగ్గితే చలి పుట్టడం, ఊపిరాడకపోవడం మామూలేనని మా ఊరి డాక్టరమ్మ చెప్పింది. నాకు ఈ జవాబులు నచ్చాయి. అవి కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. భూపాలపల్లికి తిరిగి వచ్చాక దాన్ని మూటగట్టి పక్కన పెట్టేశాను.

ఒక్క మాట మాత్రం మూటలో పట్టలేదు. 'నన్నొక్కదాన్ని తీస్కపో.' నా చారును దవాఖాన మందు అన్న మనిషి, నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవని మనిషి, చావు ఎదురుగా ఉందనుకున్న క్షణంలో నన్ను వదలమని, తనను తీసుకుపొమ్మని వేడుకుంది. నా కన్నతల్లి అయినా ఇంతకంటే ఏమంటుంది? బడికి పోతూ బస్సులో ఈ సంగతి గుర్తొచ్చి కళ్లు తుడుచుకున్న రోజులున్నాయి.

నేను మారాను. రోజూ సాయంత్రం ఫోన్ చేసేదాన్ని. దసరాకు ఆమెను మళ్లీ మా దగ్గరికి తెచ్చుకుని, పిల్లల మంచం కిటికీ దగ్గరికి జరిపి ఆమెకు ఇచ్చాను. విచిత్రం ఏమిటంటే ఆమె కూడా మారింది. టీచరమ్మ పోయి 'బిడ్డా' వచ్చింది. మామిడికాయ తొక్కు జాడీ నా కోసమని దాచి, మా ఆయనను కూడా ముట్టనివ్వలేదు. నా చారు రెండోసారి పోయించుకుంది. మా ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, 'మీకేమన్న గాలి సోకిందా?' అన్నాడు. కాలు బాగయ్యే కొద్దీ మనసు మెత్తబడిందిలే అనుకున్నాను.

చలి మొదలైన రోజుల్లో ఒక ఆదివారం పొద్దున, ఇద్దరం క్వార్టరు ముందు ఎండలో కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నాం. పిల్లలు ఆడుకోవడానికి పోయారు. అత్తమ్మ తల ఎత్తకుండానే అడిగింది.

'ఓ మాట అడుగుత బిడ్డా, ఏమనుకోకు. ఇద్దరు పిల్లల తల్లివి. ఆనాడు కార్ల గట్లెట్ల అన్నవే?'

'నేనేమన్న?'

'నన్నొక్కదాన్ని తీస్కపో అంటివి గద. నేనా, ఇయ్యాల్నో రేపో పోయేదాన్ని. నా కోసం నువ్వట్లంటవా? గా మాట యాదికొచ్చినప్పుడల్ల నాకు అన్నం సయిస్తలేదు.'

నా చేతిలోని కాయ కింద పడింది.

'అత్తమ్మా, ఆ మాట అన్నది నువ్వు గద' అన్నాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. నా ముఖంలోకి చాలాసేపు చూసింది, పరాచకం ఆడుతున్నానేమోనని. 'నా కొడుకుల మీద ఒట్టు బిడ్డా. ఏసీ ఏసినవా అని అడిగిన, అంతే. అటెన్క నోరే తెరువలే. ఎవరో నా కాలు మెల్లగ పట్టి, జర ముడిసి, నా పక్కపొంటి కూసున్నరు. భయానికి కొంగు నోట్లె వెట్టుకున్న. గా మాట ముందల్నుంచి ఇనవడ్డది. నీ దిక్కుంచే.'

నాకు వెనక నుంచి వినపడింది. ఆమెకు ముందు నుంచి.

 ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చిందని ఆమె కళ్లు చూస్తే తెలిసింది. కాసేపటికి అత్తమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, 'ఆ పిల్ల ఎంతదో పాపం' అంది. తర్వాత నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. అలాగే కూర్చున్నాం, పిల్లలు ఆకలని వచ్చేదాకా.

సైన్సు మనిషిని కాబట్టి దీనికి కూడా ఒక సమాధానం వెతుక్కున్నాను. భయంలో మా ఇద్దరిలో ఎవరో ఒకరం అనే ఉంటాం, అన్నది గుర్తుండి ఉండదు. కావచ్చు. అలా అయితే నాకు చాలా సంతోషం. కాని నా గొంతు నాకు తెలుసు, అత్తమ్మ గొంతు కూడా తెలుసు. ఇప్పుడు నిదానంగా తలుచుకుంటే ఆ గొంతు మా ఇద్దరి కంటే వయసులో చిన్న మనిషిది.

మా ఇద్దరిలో ఎవరమూ అనని మాటకు కట్టుబడి దగ్గరయ్యాం. అది మా మాట కాదని తెలిశాక కూడా విడిపోలేదు. ఆమె ఇప్పటికీ నన్ను బిడ్డా అనే పిలుస్తుంది.

ఒకవేళ ఆ మాట బావిలో పడ్డ ఆ తల్లిదే అయితే, కారు మునుగుతుంటే ఆమె అలా అడిగిన రోజు ఎవరూ వినలేదు. ఆమె బిడ్డను ఆ బావి వదల్లేదు. మమ్మల్ని వదిలారు. ఎందుకు వదిలారో, ఎవరు వదిలారో నాకిప్పటికీ తెలియదు.